వెతికితే దొరకాలంటే...

వెబ్‌సైటు గూగుల్‌లో కనబడాలంటే కీలక పదాలు ముఖ్యమా, తాజా సమాచారమా? వెతికేదాన్ని బట్టి అంటాం మేము. గూడూరు నిమ్మ మార్కెట్ ధరకు నిన్నటి పేజీ పనికిరాదు. మన అభ్రకం గనుల చరిత్రకు పాత పేజీ అయినా చాలు. 2011లో గూగుల్ తాజాదనానికి విలువ పెంచిందీ ధరల్లాంటి వాటికే. పేజీలో దాచిపెట్టే కీవర్డ్స్ ట్యాగును లెక్కించబోమని 2009లోనే చెప్పేసింది.

అయినా వెతికే మాట పేజీలో ఉండాల్సిందే. గూడూర్లు కర్నూలు, కృష్ణా జిల్లాల్లోనూ ఉన్నాయి కనుక పక్కన జిల్లా పేరు కూడా రాయాలి.

మన అసలు చిక్కు అను ఫాంటు! అందులో కొట్టిన సంచికను అలాగే ఎక్కిస్తే కంటికి తెలుగే, గూగుల్‌కు మాత్రం అర్థంలేని గుర్తులు. యూనికోడ్‌లో కొట్టిస్తేనే, ఇంట్లో అడిగే దిక్కులేని తమ్ముడో చెల్లెలో తెలుగులో 'స్కాలర్‌షిప్' అని వెతికినప్పుడు మన సీనియర్లు రాసింది దొరికే వీలుంటుంది.