సాధనతో చూపు జ్ఞాపకం పెరుగుతుందా?

జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు అయుము అనే చింపాంజీకి ఒక ఆట నేర్పారు. టచ్ స్క్రీన్ మీద అంకెలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. రెప్పపాటులో వాటిని తెల్లని గళ్లు కప్పేస్తాయి. ఏ గడి వెనుక ఏ అంకె ఉందో గుర్తుంచుకుని చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరుసగా తాకాలి. అంకెలు సెకనులో ఐదో వంతు సేపే కనిపించినా అయుము పదింట దాదాపు ఎనిమిదిసార్లు సరిగ్గా తాకింది. అదే పరీక్షలో విశ్వవిద్యాలయ విద్యార్థులు సగంసార్లు కూడా నెగ్గలేకపోయారు. 2007లో ఈ ఫలితాలు వెలువడగానే మనిషిని చింపాంజీ ఓడించిందని వార్తలు వచ్చాయి.

ఆ సందడిలో ఒక సంగతి మరుగున పడింది. అయుముకు ఆ ఆట చాలాకాలంగా అలవాటు, విద్యార్థులకు కాదు. 2009, 2010లలో అమెరికా పరిశోధకులు మనుషుల చేత కూడా తగినంత సాధన చేయించి చూడగా, వారూ అయుము స్థాయిని అందుకున్నారు.

అయితే సాధనతో జ్ఞాపకశక్తే పెరిగిందా, లేక ఆ ఒక్క ఆటే బాగా వచ్చిందా?

రోడ్డు దాటేటప్పుడు కుడివైపు చూసి ఎడమకు తల తిప్పుతాం. అయినా కుడివైపు నుంచి వస్తున్న ఆటో ఎంత దూరంలో ఉందో మనసులో కొన్ని క్షణాలు నిలిచే ఉంటుంది. దీన్నే దృశ్య వర్కింగ్ మెమరీ అంటారు. దీని పరిమితి చాలా చిన్నది. రంగు గళ్లతో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ 1997లో చేసిన ప్రయోగాల ప్రకారం ఒకేసారి మూడు, నాలుగు వస్తువులకు మించి నిలవడం కష్టం.

విచిత్రమేమిటంటే, ఆ మూడు, నాలుగు కూడా ప్రతిసారీ నిలవవు. అప్పుడప్పుడు ధ్యాస జారి, అంతా గుడ్డి ఊహగా మిగులుతుంది. ఈ జారిపోవడాన్ని తగ్గించవచ్చా అని కిర్‌స్టెన్ ఆడమ్, వోగెల్ 2016లో పరిశీలించారు. రంగు గళ్లు చూపించి, కాసేపయ్యాక అన్నింటి రంగులూ చెప్పమన్నారు. ఎన్ని సరిగ్గా చెప్పారో ప్రతిసారీ తెలియజేస్తే ఏ ప్రయోజనమూ కనిపించలేదు. ఆ లెక్కను కూడుతూ మొత్తం కూడా చూపిస్తే విఫలమైన సందర్భాలు 7 శాతం తగ్గాయి. బాగా తప్పితే పాయింట్లు కోసి, వరుసగా బాగా చేస్తే అదనపు పాయింట్లు ఇచ్చినప్పుడు మాత్రం 28 శాతం తగ్గాయి. అంటే ఫలితం చెప్పడం ఒక్కటే చాలదు. ధ్యాస జారితే నష్టమని తెలియాలి. వీడియో గేములు తయారుచేసేవారికి ఇది ఎప్పుడో తెలిసిన కిటుకే.

ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. తగ్గినవి విఫలమైన సందర్భాలు. జ్ఞాపకం 28 శాతం పెరిగిందని కాదు. ఉన్న సామర్థ్యం వృథా కావడం తగ్గింది, అంతే.

ఒక పనిలో వచ్చిన నైపుణ్యం మరో పనికి సాయపడుతుందా అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. వినిపించిన అంకెలను గుర్తుంచుకోవడంలో ఒక అమెరికన్ విద్యార్థి 230 గంటలకు పైగా సాధన చేసి, 7 అంకెల నుంచి 79 అంకెలకు చేరాడని 1980లో పరిశోధకులు ప్రకటించారు. అంకెలకు బదులు అక్షరాలు చదివితే మాత్రం అతనికి గుర్తున్నవి ఆరే! పరుగు పందేల సమయాలుగా అంకెలను కూర్చుకునే అతని పద్ధతి అక్షరాలకు పనికిరాలేదు. వర్కింగ్ మెమరీ శిక్షణపై వచ్చిన 87 పరిశోధన పత్రాలను 2016లో సమీక్షించినప్పుడూ ఇదే ధోరణి కనిపించింది. సాధన చేసిన పనికి దగ్గరి పనుల్లో మెరుగుదల ఉంది. చదువు, లెక్కలు, తెలివితేటలకు అది పాకినట్లు నమ్మదగిన ఆధారం దొరకలేదు.

పిల్లల మెదడుకు పదును పెడతామనే యాప్‌లకు డబ్బు కట్టే తల్లిదండ్రులు అడగాల్సింది ఈ చివరి సంగతే. 2016 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లూమోసిటీ అనే మెదడు ఆటల సంస్థను ఇదే అడిగింది. చదువులో, ఉద్యోగంలో రాణిస్తారని, వయసుతో వచ్చే మతిమరుపు వాయిదా పడుతుందని చేసిన ప్రచారానికి ఆధారాలు లేవన్నది కమిషన్ ఆరోపణ. ఆ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించడానికి, చందాదారులకు ఈ సంగతి తెలిపి చందా సులువుగా రద్దు చేసుకునే వీలు కల్పించడానికి ఒప్పుకుంది.