మిత్తి లెక్క, నెలల లెక్క

తెలంగాణలోని కల్హేర్ చుట్టుపక్కల ఊళ్లలో సేద్యం మీద బతికే ఇంటికి నెల జీతం ఉండదు. వానకాలం పత్తి, కంది, సోయా వేసినవాళ్లకు పైసలు దసరా నాటి నుంచి సంక్రాంతి దాటేదాకా విడతలుగా వస్తాయి. ఖర్చులు ఆ వరస పాటించవు. విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు జూన్‌లో ఒక్కసారే మీద పడతాయి. పెళ్లిళ్లు వేసవిలో వస్తాయి, జబ్బు ఎప్పుడైనా రావచ్చు. ఈ ఎడాన్ని పూడ్చేది అప్పే: ఎరువుల దుకాణంలో ఉద్దెర, సేటు దగ్గర నూటికి రెండో మూడో మిత్తి, మహిళా సంఘం పైసలు, గిరివి పెట్టిన బంగారం. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సర్వేలో తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 50.2 శాతమే. ఇక్కడ సగటు అప్పు 1,52,113 రూపాయలు. పదిళ్లలో తొమ్మిదిళ్లకు ఉన్న బాధను ఒక్కో ఇల్లూ తన తప్పుగా, తన పరువు సమస్యగా దాచుకుంటోందంటే, ముందుగా మార్చుకోవలసింది ఆ చూపునే.

డబ్బు దిగులు మనిషి బుద్ధిని ఎలా పట్టి ఉంచుతుందో తెలిపే మంచి పరిశోధన మనకు దగ్గర్లోనే, ఒడిశా పల్లెల్లో జరిగింది. పనులు దొరకని నెలల్లో కూలీలను పరిశోధకులు విస్తళ్లు కుట్టే పనిలో పెట్టుకున్నారు. ఎన్ని కుడితే అంత కూలి. కొందరికి కూలిలో కొంత ముందుగానే చేతికిచ్చారు, మిగతావాళ్లకు చివర్లో ఇచ్చారు. రేటు మారలేదు, పైన ఒక్క రూపాయి కూడా కలపలేదు. మారింది పైసలు అందిన రోజు మాత్రమే. ముందుగా అందుకున్నవాళ్లలో చాలామంది ఆ డబ్బుతో పాత బాకీలు కట్టారు. ఆ తర్వాత వాళ్ల పని సుమారు 7 శాతం పెరిగింది, పరధ్యానంతో చేసే తప్పులు తగ్గాయి. అంతకుముందు 2013లో అచ్చయిన మరో అధ్యయనం తమిళనాడు చెరకు రైతులను కోతకు ముందు, కోత తర్వాత పరీక్షించింది. అదే రైతు, చేతిలో పైసలు లేనప్పుడు పరీక్షలో వెనకబడ్డాడు, ఉన్నప్పుడు బాగా చేశాడు. ఆ తేడా అంత పెద్దదా అని తర్వాత ఇతర పరిశోధకులు సందేహించారు. ఈ తరహా ప్రయోగాల్లో కొన్ని మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదు కూడా. కాబట్టి అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ ఒడిశా కూలీల అనుభవం ఒక్క సంగతి గట్టిగా చెబుతోంది: ఆదాయం పెరగకపోయినా, పైసలు అవసరమైన వేళకు అందితే మనసు మీద బరువు తగ్గుతుంది.

అందుకే డబ్బు దిగులుకు మొదటి మందు పొదుపు ఉపదేశం కాదు, ఒక పెద్ద కాగితం అంటాను. పన్నెండు నెలలూ అడ్డంగా రాసి, ఏ నెలలో ఎంత వస్తుంది, ఏ నెలలో ఎవరికి ఎంత కట్టాలి, ఏ అప్పుకు ఎంత మిత్తి అన్నది భార్యాభర్తలు కూర్చుని రాయాలి. రాయని అప్పు తలలో తిరుగుతూనే ఉంటుంది, రాత్రికి ఇంకా పెద్దదవుతుంది. రాసినప్పుడు మిత్తి అసలు రూపం కూడా బయటపడుతుంది. నెలకు నూటికి రెండు అంటే చిన్నగా వినిపిస్తుంది కానీ ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల మీద 24,000. నూటికి మూడైతే 36,000. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణమైతే 7 శాతం, గడువులోగా కడితే 4 శాతం, అంటే 4,000. ఒక్క లక్షకే ఏడాదికి ఇరవై వేల తేడా. పంట అమ్మిన పైసలు రాగానే ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు కట్టడం మన అలవాటు. కాగితం ముందుంటే ఎక్కువ మిత్తి అప్పు ముందు తీర్చాలని తెలుస్తుంది. అయితే బ్యాంకు గడువు మాత్రం దాటనివ్వకూడదు, దాటితే ఆ రాయితీ పోతుంది.

"రాబడే చాలనప్పుడు నెలలు రాసుకుంటే ఏమొస్తుంది?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అదే సర్వేలో తెలంగాణ వ్యవసాయ కుటుంబం సగటు ఆదాయం నెలకు సుమారు 9,400 రూపాయలు. వాన తప్పినా, ధర పడినా కాగితం కడుపు నింపదు. 2024లో రెండు లక్షల దాకా బ్యాంకు పంట రుణాలు మాఫీ అయ్యాయి, అదొక ఊరట. కానీ సేటు దగ్గరి బాకీకి ఏ మాఫీ లేదు, పట్టా పాసుపుస్తకం లేని కౌలు రైతుకు బ్యాంకు గడప దాటడమే కష్టం. కౌలుదారుకు రుణం, పంటకు ధర ప్రభుత్వాలు చేయాల్సిన పనులు, అవి చేయకుండా రైతుకు ఓర్పు బోధించడం అన్యాయం. అయినా ఆదాయం తక్కువైన ఇంటికే మిత్తి తేడా బరువు ఎక్కువ. పైన చెప్పిన ఇరవై వేలు ఆ ఇంటికి రెండు నెలల బతుకు.

మరొక అభ్యంతరం ఇంకా బలమైనది. సేటు అర్ధరాత్రి అడిగినా ఇస్తాడు, బ్యాంకు పదిసార్లు తిప్పుతుంది. నిజమే, ఆసుపత్రి ముందు నిలబడ్డవాడు మిత్తి లెక్క వేయలేడు. దీనికి జవాబు అవసరం రాకముందే ఏర్పాటు చేసుకోవడం. ఆరోగ్యశ్రీ వైద్యానికి ఏడాదికి 10 లక్షల దాకా భరోసా ఉంది. 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా బ్యాంకు ఖాతా నుంచే కట్టవచ్చు. పట్టా ఉన్న రైతుకు పంట రుణం పునరుద్ధరణ వేసవిలోనే అడగాలి, జూన్ రద్దీలో కాదు. సంఘం పొదుపులో కొంత భాగాన్ని ఆపద కోసమే ఉంచాలి.

వారం వారం కిస్తీ వసూలు చేసే సంస్థల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నెలల లెక్కకు అవి పూర్తిగా అడ్డం తిరుగుతాయి. పైసలు సంక్రాంతికి వచ్చే ఇంటిని ప్రతి వారం కట్టమనడంలోనే తప్పుంది. ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం కిస్తీలు ఆపి నెల కిస్తీలే తీసుకోవాలంది. 2022లో రిజర్వు బ్యాంకు దేశమంతటికీ కొత్త నియమాలు పెట్టింది: సూక్ష్మరుణం ఇచ్చేటప్పుడు ఆ ఇంటి అన్ని అప్పుల నెల కిస్తీలూ కలిపి రాబడిలో సగం దాటకూడదు, కిస్తీ గడువుల్లో అప్పు తీసుకున్నవాళ్ల వీలును బట్టి వెసులుబాటు ఉండాలి. అంటే "మా పంట జనవరిలో చేతికొస్తుంది, కిస్తీ అలా మార్చండి" అని అడగడం బతిమాలడం కాదు, హక్కు. ఒక కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థలో అప్పు తీయడం, ఫోనులోని యాప్‌లో అప్పు తీయడం ఈ కాగితం మీద ఎక్కడా ఇమడవు. యాప్ అప్పుల వేధింపులతో ప్రాణాలు పోయాకే 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసులు అరెస్టులు చేశారు.

ఇంట్లోవాళ్లకు తెలియకుండా అప్పు మోస్తున్నవాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే వాళ్లతో ఒక మాట. ఆ కాగితం ఈ రాత్రే ఇంట్లో ఒకరి ముందు పెట్టండి. చెప్పుకునే మనిషి ఎవరూ లేరనిపిస్తే, బతుకు మీద విరక్తి పుడితే, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, పైసా ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.