పొలంలో కెమెరా: ఏది కొనాలి, ఎప్పుడు మార్చాలి, బీమా ఎక్కడిదాకా వస్తుంది

పై వీడియోలో వరి దుబ్బు మొదట్లో తిరుగుతున్న ఆకుపచ్చ మిరిడ్ నల్లిని చూసి చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, ఇది ఏ కెమెరాతో తీశారు?" అని. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గానీ, ఆ కెమెరా ఇప్పుడు నా దగ్గర లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లలో పోయింది. దానికి ఇన్సూరెన్స్ ఉందనుకుని నేను రెండేళ్లు హాయిగా పడుకున్నాను. లేదని నీళ్లు తీశాక తెలిసింది. అందుకే ఈసారి ఘనజీవామృతం, నీమాస్త్రం పక్కన పెట్టి కెమెరా గురించే రాస్తున్నా.

ముందు అసలు కెమెరా ఎందుకో చెప్తాను. ఫొటోల సరదా నాకు చిన్నప్పటినుంచీ ఉంది. కొల్లేరులో ఆటపాక వెళ్లి గూడబాతుల్ని తీయడం, కార్తీకంలో కృష్ణ ఒడ్డున పొద్దున్నే మంచు తీయడం, అదీ నా లోకం. కానీ 2019లో డబ్బు పెట్టి కొనడానికి మా ఇంట్లో ఒప్పుకున్నది పొలం పేరు చెప్పినందుకే. కంకిపాడు దగ్గర మా ఊళ్లో ఆ ముందు ఏడు ఒక మడిలో దోమ వచ్చిందని అందరూ కంగారుపడ్డారు. దుబ్బు కొడితే నీళ్లమీద చిన్న పురుగులు రాలాయి. అందులో సగం దోమ కాదు, దోమని తినే మిరిడ్ నల్లి. రెండూ మూడు మిల్లీమీటర్లు ఉంటాయి, అటూ ఇటూ. దోమ గోధుమ రంగులో, మొదలుని అంటిపెట్టుకుని గుంపుగా ఉంటుంది. నల్లి సన్నగా, ఆకుపచ్చగా, తల నల్లగా, కుదురుగా ఉండకుండా తిరుగుతూ ఉంటుంది. నలభై దాటిన కళ్లకి ఈ తేడా ఎక్కడ కనపడుతుంది చెప్పండి? మందు కొడితే ముందు చచ్చేది నల్లే, తర్వాత దోమకి అడ్డే ఉండదు. మనం కషాయాలు కొట్టేవాళ్లమైనా అవసరం లేనప్పుడు కొట్టకూడదు కదా. ఈ సంగతి గట్టుమీద నుంచుని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఫొటో పెద్దది చేసి చూపిస్తే నమ్మారు.

కాబట్టి నా లెక్కలో కెమెరా ఎంచుకునే పద్ధతి ఇది: మీరు ఎదుటి రైతుకి చూపించాల్సిన అతి చిన్న వస్తువు ఏది? కాలిబాటలు ఎలా తీశారో, నవధాన్యాలు ఎంత ఎత్తు వచ్చాయో చూపించాలంటే మీ జేబులో ఫోను చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు. అక్షింతల పురుగు, తూనీగ, సాలీడు దాకా కూడా ఇప్పటి ఫోన్లు బాగానే తీస్తున్నాయి. మూడు మిల్లీమీటర్ల పురుగు, దాని గుడ్డు, ఆకు ఈనెలో దాని పోటు చూపించాలంటేనే లెన్సు మార్చుకునే కెమెరా కావాలి.

నేను కొన్నది కానన్ 1500డి. 18-55, 55-250 రెండు లెన్సులతో. షాపులో ఆ కుర్రాడు మెగాపిక్సెళ్లు చెప్తూనే ఉన్నాడు. దానికి 24 ఉన్నాయి, మన పనికి అవి ఎక్కువే. నేను అడగాల్సిన రెండు ప్రశ్నలు అడగలేదు. ఒకటి, మైకు పెట్టుకునే రంధ్రం ఉందా? 1500డికి లేదు. రెండు, తెర పక్కకి తిరుగుతుందా? తిరగదు. అంటే దుబ్బు మొదలు తీయాలంటే మడిలో బోర్లా పడుకోవాలి. మూడేళ్లు అలాగే పడుకున్నాను. మా ఆవిడ చొక్కాలు ఉతకనని మొహం మీదే చెప్పింది.

ఇక అప్‌గ్రేడ్. ఈ మాట వినగానే మనవాళ్లు కొత్త బాడీ వైపు చూస్తారు. నా అనుభవంలో బాడీ ఆఖరున మార్చాల్సింది. నేను ముందు కొన్నది రేనాక్స్ డీసీఆర్-250 అనే చిన్న అద్దం. లెన్సు ముందు క్లిప్పులా పెట్టుకోవడమే. దాని ఫోకల్ దూరం 125 మిల్లీమీటర్లు. 250కి జూమ్ చేసిన లెన్సు ముందు పెడితే పురుగు అసలు సైజుకి సుమారు రెండింతలుగా సెన్సార్ మీద పడుతుంది. సెన్సార్ వెడల్పు 22 మిల్లీమీటర్ల చిల్లర, కాబట్టి ఫ్రేములో పట్టేది 11 మిల్లీమీటర్ల వెడల్పు. మూడు మిల్లీమీటర్ల దోమ అందులో పావు వంతుకి పైగా ఆక్రమిస్తుంది. కాళ్లమీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పురుగుకి జానెడు కంటే తక్కువ దూరంలో ఉండాలి, ఊపిరి బిగపట్టాలి. ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య పెట్టి, ఫ్లాష్ వేసి, ఫ్లాష్ ముందు తెల్లటి ప్లాస్టిక్ గానీ పల్చటి తెల్లగుడ్డ గానీ అడ్డం పెడితే వెలుగు మెత్తగా పడుతుంది. ఈ పద్ధతంతా పై వీడియో రెండో సగంలో చేసి చూపించాను, ఇక్కడ మళ్లీ రాయను.

రెండో ఖర్చు శబ్దం. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా రైతు చూస్తాడు. మాట వినపడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతాడు. డెల్టాలో మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం గాలి ఎలా కొడుతుందో మీకు తెలిసిందే. కెమెరాకి మైకు పెట్టే వీలు లేదు కాబట్టి కాలర్ మైకు ఫోనుకి తగిలించి మాట అందులో రికార్డు చేసేవాణ్ణి. మొదట్లో ఒక చప్పట్లు కొట్టి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలిపేవాణ్ణి. ఆ చిన్న మైకు మీద వేసే బొచ్చు తొడుగు తప్పకుండా కొనండి.

ఇప్పుడు నీళ్ల కథ.

2024 ఆగస్టు ఆఖరి వారంలో సెన్సార్ మీద దుమ్ము తీయించడానికి కెమెరా విజయవాడ తీసుకెళ్లాను. పనయ్యాక వాన పట్టుకుంది. బండిమీద తడుస్తుందని బ్యాగు సింగ్‌నగర్‌లో అక్కావాళ్లింట్లో పెట్టి, "ఆదివారం వచ్చి తీసుకెళతానక్కా" అన్నాను. అద్దె ఇల్లు, కింద వాటా. బీరువా పక్కన బల్లమీద పెట్టింది. ఆ ఆదివారం సెప్టెంబర్ 1. బుడమేరు గట్లకి గండ్లు పడి నీళ్లు ఊరిమీదకి వచ్చేశాయి. మామూలుగా ఆ వరదని డైవర్షన్ కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కానీ కృష్ణే నిండుగా ఉంటే అది ఎక్కడికి పోతుంది? మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరదని కూడా దాటిపోయింది. అక్క, బావగారు, పిల్లలు మేడమీదకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ సమయంలో కెమెరా గురించి ఆలోచించడం కూడా పాపమే. నీళ్లు తీసి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి వారం దాటింది. వినాయక చవితి కూడా అయిపోయింది. అక్కే ముందు అంది, "నీ బ్యాగు పైన పెట్టాల్సిందిరా తమ్ముడూ" అని. ఆవిడ ఫ్రిజ్, మంచాలు, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయాయి, నా కెమెరాకి బాధపడుతోంది.

బియ్యం డబ్బాలో పెట్టమని ఊళ్లో నలుగురు చెప్పారు. డెల్టాలో బియ్యానికి కొదవా! కానీ బురదనీళ్లలో వారం నానిన దాన్ని బియ్యం బాగుచెయ్యదు, పైగా తవుడు దుమ్ము లోపలికి పోతుంది. ఎవరికైనా కెమెరా తడిస్తే ఆన్ చేసి చూడకండి. ముందు బ్యాటరీ, తర్వాత కార్డు, లెన్సు తీసెయ్యండి. తుడిచి గాలికి పెట్టి రిపేరు మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. నాది తెరిస్తే బోర్డు అంతా చిలుం. రెండు లెన్సుల్లోనూ బురద.

సరే, ఇన్సూరెన్స్ ఉంది కదా అని పాలసీ తీశాను. ఊళ్లో ఇంటికి తీసుకున్న భారత్ గృహ రక్ష అది. 2021 ఏప్రిల్ నుంచి ఏ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరైనా ఇదే పేరుతో, ఇవే షరతులతో దొరుకుతుంది. మంచి పాలసీయే. అగ్గి, తుఫాను, వరద, భూకంపం అన్నీ ఉన్నాయి. ఇంటితోపాటు తీసుకుంటే ఇంట్లో సామానుకి కూడా, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ వస్తువులు అందులోకే వస్తాయి. కానీ "ఇంట్లో సామాను" అంటే పాలసీలో రాసిన చిరునామాలో ఉన్న సామాను. నా కెమెరా మునిగింది సింగ్‌నగర్‌లో. కంపెనీవాళ్లు కాదన్నారు. తప్పు వాళ్లది కాదు, కాగితం నేను చదవలేదు. దొంగతనం సంగతీ అంతే. ఆ పాలసీలో వరద లాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల లోపు పోతేనే కవర్ ఉంటుంది, మామూలు రోజుల్లో పోతే లేదు.

మనతోపాటు పొలానికీ ఊళ్లకీ తిరిగే వస్తువుకి కావాల్సింది వేరే. ఏజెంటు దగ్గర "ఆల్ రిస్క్" పాలసీ అని అడగండి. కెమెరాని విడిగా, లెన్సుని విడిగా, సీరియల్ నంబరుతో సహా అందులో రాయించాలి. మన భాషలో చెప్పాలంటే ఇది ఈ-క్రాప్ నమోదు లాంటిది. పంట వేస్తే చాలదు, నమోదు ఉండాలి. కిందపడటం, దొంగతనం, నీళ్లు సాధారణంగా ఇందులోకి వస్తాయి. రానివి ముందే తెలుసుకోండి. లోపల దానంతటదే చెడిపోతే రాదు. బూజు పడితే రాదు. బ్యాగు బండికి తగిలించి టీ తాగడానికి వెళ్లినప్పుడు పోతే చాలా పాలసీల్లో రాదు. పాతబడిన కొద్దీ తరుగు తీస్తారు. పెళ్లిళ్లకి తీసి డబ్బు తీసుకుంటున్నా, వీడియోల మీద ఆదాయం వస్తున్నా ఆ మాట దాచొద్దు. సరదాకి అని రాయించి క్లెయిమ్ రోజున పట్టుబడితే మొత్తం పోతుంది. షాపువాడు అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీని మాత్రం ఇన్సూరెన్స్ అనుకోకండి, అది చాలావరకు కంపెనీ లోపాలకే.

ఇంకో మాట. నా ఒరిజినల్ బిల్లు కెమెరా బ్యాగులోనే ఉంది! రెండూ కలిసి మునిగాయి. బిల్లునీ, కెమెరా అడుగున ఉండే నంబరునీ, లెన్సు మీద నంబరునీ ఫోనుతో ఫొటో తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. నష్టం జరిగితే వెంటనే చెప్పాలి. పంట బీమాలో వడగళ్లు, ముంపు లాంటివాటికి 72 గంటలు అంటారు కదా, ఆ అలవాటే ఇక్కడా పెట్టుకోండి. సర్వేయర్ చూడకముందే రిపేరుకి ఇవ్వకండి. కాదంటే కాగితం మీద కాదనమనండి. ఆ కాగితంతో ముందు కంపెనీకే ఫిర్యాదు రాసి, అక్కడా తేలకపోతే ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, రుసుము లేదు.

ఇప్పుడు నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ కానన్ 200డి, రెండో రకం. తెర తిరుగుతుంది, మైకు రంధ్రం ఉంది. పాత లెన్సుల మోడళ్లే దీనికీ పడతాయి. 55-250 మళ్లీ వాడినదే కొన్నాను. రేనాక్స్ మాత్రం పొలం సంచిలో ఉండి బతికిపోయింది. కొనేటప్పుడు లెన్సుకి ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూశాను. సాలెగూడులా గీతలు కనపడితే అది బూజు, ముట్టుకోవద్దు. మన తేమలో ఒక లెన్సు నుంచి పక్కదానికి కూడా రావచ్చు. పాత యజమాని బిల్లు, అమ్మినట్టు సంతకం చేసిన కాగితం తీసుకున్నాను. బిల్లు లేని కెమెరాకి పాలసీ ఇప్పించుకోవడం తలనొప్పి.

విత్తనాలకి పెట్టినట్టే దీనికీ గాలి చొరబడని డబ్బా పెట్టాను. మూతకి రబ్బరు ఉన్న వంటింటి డబ్బాయే. అందులో సిలికా జెల్ సంచులు, తేమ చూపించే చిన్న మీటరు. 40 నుంచి 50 మధ్య ఉంచుతున్నాను. బూడిద, వేపాకు విత్తనాలకే. దయచేసి కెమెరా డబ్బాలో వేయకండి, ఒకాయన వేశాడు.

అన్నట్టు, మునిగిన కెమెరాలోంచి కార్డు తీసి మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి రీడర్‌లో పెట్టాను. తెరుచుకుంది. నేను కార్డు ఖాళీ చేయని బద్ధకస్తుణ్ణి కాబట్టి 2023 ఖరీఫ్ అంతా అందులోనే ఉంది. పై వీడియోలో మీరు చూసిన మిరిడ్ నల్లి అక్కడిదే.