చిన్న కరెంటు ఆజ్ఞ, పెద్ద కరెంటు పని

బల్బు మంచిదే. ఫ్యూజు పోలేదు. ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12 వోల్టులకు పైనే చూపిస్తోంది. ప్లగ్ తిరిగి పెట్టగానే హెడ్‌లైటు మాత్రం పసుపుపచ్చగా, గుడ్డిగా వెలుగుతోంది. ఎందుకు సార్? వాహనాల వైరింగు పాఠంలో ఎవరో ఒక విద్యార్థి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కూడా. దీని కొసను పట్టుకుని లాగితే రెండువందల ఏళ్ళ నాటి ఒక చక్కని యంత్రం బయటికొస్తుంది.

జవాబు చెప్పడానికి నేను బోర్డు మీద వేసే బొమ్మ అమెరికా పాత పికప్ ట్రక్కుది, 1970ల నాటి షెవర్లే సీ-10 హెడ్‌లైటు సర్క్యూట్. ఆ బండి మన రోడ్ల మీద కనపడదు. కానీ దాని వైరింగులో దాపరికమే లేదు, కరెంటు ఎటు పోయి ఎటు వస్తుందో వేలితో గీసి చూపించవచ్చు. బ్యాటరీ బానెట్ కింద, ఒక దీపానికి దగ్గర్లోనే ఉంటుంది. అయినా దీపాల కరెంటంతా ముందు వెనక్కి వెళ్ళాలి. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు గోడలోని కనెక్టరు దాటాలి. డ్యాష్‌బోర్డు మీద లాగే స్విచ్‌లోంచి, డ్రైవరు ఎడమ పాదం దగ్గర నేలకు బిగించిన, హైబీమ్ లోబీమ్ మార్చే డిమ్మర్ స్విచ్‌లోంచి నడవాలి. మళ్ళీ అదే గోడ దాటి ముందుకొస్తే తప్ప దీపం చేరదు. దారి పొడవునా బిగింపులు, లోహపు నాలుకలు, స్ప్రింగు కాంటాక్టులు. నలభై ఏళ్ళ చెమ్మకు వాటన్నిటి మీదా చిలుము పడుతుంది. వర్షంలో తడిసిన బూట్లు నేల మీది డిమ్మర్‌ను రోజూ తొక్కుతూనే ఉంటాయి.

ఇక మీటరు సంగతి. డిజిటల్ మల్టీమీటర్ వోల్టేజి కొలిచేటప్పుడు లాక్కునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. కుళాయి కట్టేసి ఉంటే, పైపు సగం పాచి పట్టి పూడుకుపోయినా నీటి పీడనం నిండుగానే ఉంటుంది. కుళాయి తిప్పాకే సంగతి బయటపడుతుంది. ఓమ్‌ల లెక్కా అంతే. తీగలోని రాగి పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, మీటరు పంపే చిటికెడు కరెంటుకు ఆ ఒక్క పోగే చాలు. ‘దారి బాగుంది’ అంటుంది. రెండు హైబీమ్‌లు కలిపి 130 వాట్లనుకుంటే, 12 వోల్టుల బండిలో ఆ తీగ గుండా దాదాపు 11 ఆంపియర్లు పోవాలి. దారిలో ఎక్కడో ఓమ్‌లో పదోవంతు నిరోధం చేరితే చాలు, ఒక వోల్టుకు పైగా అక్కడే వేడిగా ఖర్చవుతుంది.

ఒక వోల్టే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు అలా ఊరుకోదు. దాని వెలుగు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. వోల్టేజి పదిశాతం తగ్గితే వెలుగు ముప్ఫైశాతం పోతుంది, పదిహేను శాతం తగ్గితే నలభై శాతం పైనే పోతుంది. టంగ్‌స్టన్ తీగ కాస్త చల్లబడినా కాంతి ఎరుపు వైపు జారిపోతుంది కాబట్టే గుడ్డి దీపం పసుపు రంగు దీపం కూడా అవుతుంది.

అందుకని కొలత దీపం వెలుగుతుండగానే తీసుకోవాలి. ప్లగ్ ఊడదీయకుండా, మీటరు ఎర్రపిన్ను బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లపిన్ను దీపం వెనకాల తీగ చేరేచోట పెట్టాలి. కనపడే అంకె దారిలో పోగొట్టుకున్న వోల్టేజి. అది ఒక వోల్టూ ఇంకాస్తా ఉందనుకోండి. నల్లపిన్నును ఒక్కో కనెక్టరూ వెనక్కి జరుపుకుంటూ పోతే, ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో రోగం అక్కడుంది. ఇంత నిక్కచ్చిగా జవాబు చెప్పే పరీక్ష బండి మొత్తంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

చిలుము గీకవచ్చు, స్విచ్ మార్చవచ్చు. కానీ అసలు లోపం స్విచ్‌ది కాదు. వేలితో నొక్కే వస్తువు మీద 11 ఆంపియర్ల భారం మోపడమే లోపం. దానికి మందు రిలే, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్.

రిలే పుట్టినప్పుడు కార్లు లేవు. అమెరికన్ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1831 ప్రాంతంలో ఆల్బనీలో మైలుకు పైగా తీగ గుండా కరెంటు పంపి, విద్యుదయస్కాంతంతో గంట మోగించాడు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో విద్యార్థుల ముందు ఇంకా గొప్ప పని చేశాడు. దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటుతో ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలించాడు. ఆ కదలిక పక్కనే ఉన్న రెండో సర్క్యూట్‌ను తెంచింది. ఆ రెండో సర్క్యూట్‌లోని భారీ అయస్కాంతం పట్టుకున్న బరువు దబ్బున కిందపడింది. దూరం నుంచి వచ్చింది ఆజ్ఞ మాత్రమే, బలం ఇక్కడి బ్యాటరీది. ఆయన దీనికి పేటెంటు తీసుకోలేదు.

శామ్యూల్ మోర్స్ చిత్రకారుడు, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కళల ఆచార్యుడు. ఆయన తొలి టెలిగ్రాఫ్ తీగ కాస్త పొడవైతే చాలు, అవతలి చివర కరెంటు నీరసించిపోయేది. అదే విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే లెనార్డ్ గేల్, హెన్రీ వ్యాసం చదివినవాడు, దారి చూపించాడు. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు సుమారు 40 మైళ్ళ దూరం సందేశం వెళ్ళింది. అలసిపోయి వచ్చిన కరెంటు రిలేను కదిలిస్తే చాలు, స్థానిక బ్యాటరీ మిగతా పని చూసుకునేది.

తర్వాత మోర్స్‌కూ హెన్రీకీ చెడింది. మోర్స్ పేటెంటు కేసుల్లో హెన్రీ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది, తాను చేసింది తాను చెప్పాడు. 1855లో మోర్స్ ఒక చిన్న పుస్తకం అచ్చువేసి హెన్రీ మీద విరుచుకుపడ్డాడు. అప్పటికి హెన్రీ స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శి. ఆ సంస్థ పాలకమండలి విచారించి ఆయన పక్షానే నిలిచింది. మోర్స్ పట్టుదలను తక్కువ చేయను. అయినా ఈ తగవులో నేను హెన్రీ వైపే.

కారు రిలే మూత ఊడదీసి చూస్తే ఆయన ప్రయోగమే అగ్గిపెట్టెలో సగమంత జాగాలో కనిపిస్తుంది. సన్నని రాగితీగ చుట్ట, మధ్యలో ఇనుప కడ్డీ, పైన ఒక స్ప్రింగు లాగి పట్టుకున్న ఇనుప రేకు, రేకు కొసన కాంటాక్టు. చుట్టలోకి కరెంటు రాగానే కడ్డీ రేకును లాగుతుంది. రేకు దగ్గరయ్యేకొద్దీ మధ్య ఖాళీ తగ్గుతుంది, ఖాళీ తగ్గేకొద్దీ లాగుడు వేగంగా పెరుగుతుంది. అందుకే కదలడం మొదలయ్యాక రేకు మధ్యలో తటపటాయించదు, టిక్కున అతుక్కుంటుంది. 12 వోల్టుల రిలే సాధారణంగా ఎనిమిది వోల్టుల దగ్గరే అతుక్కుంటుంది, ఒకసారి అతుక్కున్నాక అంతకన్నా చాలా తక్కువలో కూడా వదలదు. పాత తీగలో రెండు వోల్టులు పోయినా దానికి పట్టదు. టెలిగ్రాఫ్‌లో దూరం చేసిన నష్టానికి పనికొచ్చిన ఉపాయమే పికప్‌లో వయసు చేసిన నష్టానికీ పనికొస్తుంది. చుట్ట తీసుకునేది ఆంపియర్‌లో ఐదారో వంతుకు మించదు. డిమ్మర్ మోసే భారం అంతే.

స్విచ్ ఆపినప్పుడు చుట్టలోని అయస్కాంత క్షేత్రం కూలి, ఎదురు వోల్టేజి పెద్దగా ఎగదన్నుతుంది. అందుకే కొన్ని రిలేల్లో పక్కనే ఒక డయోడో రెసిస్టరో పెడతారు. ఈ ఎదురుదెబ్బను కనిపెట్టి 1832లో ప్రచురించినవాడూ హెన్రీయే. ఆ గుణాన్ని కొలిచే ప్రమాణం ఆయన పేరే పెట్టుకుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు రిలేలతో నిండిపోయాయి. 1941లో జర్మనీలో కొన్రాడ్ జూజ వాటితోనే జడ్3 అనే కంప్యూటర్ కట్టాడు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో దొరికిన పురుగును లాగ్‌బుక్కులో అతికించారు. కొత్త కార్లలో రిలేల పని చాలావరకు సిలికాన్ స్విచ్‌లకు పోయింది.

సీ-10లో రిలే పెట్టేవారు పాత తీగలను తీసేయరు, వాటితో దీపాలకు బదులు రిలేను నడిపిస్తారు. రిలే కాళ్ళ మీద అంకెలుంటాయి. 86కు పాత హైబీమ్ తీగ, 85కు ఎర్త్, 30కు బ్యాటరీ నుంచి లావుపాటి కొత్త తీగ, 87 నుంచి దీపాలకు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. లోబీమ్‌కు ఇలాంటిదే ఇంకో రిలే. ఇంత చేసినా ఎర్త్ తుప్పుపడితే దీపం సరిగా వెలగదు. అప్పుడు బండి ఒక విచిత్రం చూపిస్తుంది. లోబీమ్ వేస్తే కరెంటు లోబీమ్ ఫిలమెంటు దాటుతుంది, ఎర్త్ దొరక్క అదే బల్బులోని హైబీమ్ ఫిలమెంటులోకి వెనక్కి మళ్ళుతుంది, ఆ తీగ పట్టుకుని రెండో దీపంలో ఎర్త్ వెతుక్కుంటుంది. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లూ మందంగా ఎర్రబడతాయి. రిలే పెట్టని బండిలో డ్యాష్‌బోర్డు మీది హైబీమ్ సూచిక కూడా మిణుకుమనవచ్చు. ఇలా కనపడితే స్విచ్ జోలికి వెళ్ళకండి. ఎర్రపిన్ను దీపం ఎర్త్ తీగ మీద, నల్లపిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి దీపం వేయండి. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన అంకె వోల్టుల్లో కనపడితే, బోల్టు విప్పి, కింది పెయింటూ తుప్పూ మెరిసేదాకా గీకి మళ్ళీ బిగించాలి.