3.4 నగర విస్తరణ – వీధుల అనుసంధానత

ఒక చోటు నుంచి మరో చోటుకు ఎంత నేరుగా, ఎన్ని దారుల్లో వెళ్లగలమో తెలిపేదే వీధుల అనుసంధానత. దీన్ని కొలవడానికి ఒక సులభ పద్ధతి ఉంది. నాలుగు రోడ్ల కూడలికి 4, మూడు రోడ్ల కూడలికి 3, అవతలికి దారిలేని వీధి చివరకు 1 చొప్పున లెక్కించి సగటు తీయాలి. సగటు తగ్గితే అనుసంధానత తగ్గినట్లు.

అమెరికాను ఉదాహరణగా తీసుకుందాం. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌కు 1811లో గళ్ల నమూనాలో వీధుల ప్రణాళిక రూపొందించారు. 1929లో న్యూజెర్సీలో ప్రారంభమైన రాడ్‌బర్న్‌లో, వాహనాల రద్దీ ఇళ్ల దగ్గరకు రాకూడదని, చివర మూసి ఉండే వీధులు వేశారు. అయితే నడిచేవారికి వేరుగా బాటలు కల్పించారు. తరువాత వచ్చిన శివారు కాలనీలు మూసిన వీధులను అనుకరించాయి గాని, ఆ బాటలను చాలాచోట్ల వదిలేశాయి. ఫలితంగా వెనుక వీధిలోని ఇంటికి కూడా ప్రధాన రహదారి మీదుగా చుట్టి వెళ్లవలసి వచ్చింది. నడక తగ్గింది, బస్సు నడపడం కష్టమైంది, కారు తప్పనిసరి అయింది.

1990ల మధ్య నుంచి అక్కడి కొత్త వీధుల్లో అనుసంధానత కొంత మెరుగుపడింది. కాని పాత కాలనీల వీధులు అలాగే ఉన్నాయి. ఇల్లు పాతబడితే మళ్లీ కట్టవచ్చు. ఇరువైపులా స్థలాలు అమ్ముడుపోయాక వీధిని మార్చడం చాలా కష్టం. అందువల్ల లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే దశలోనే అనుసంధానతను పరిశీలించడం అవసరం.