పాత కారు మిగిల్చేదెంత?

పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరుపడ్డ శిడ్లఘట్టలో మారుతి 800 వంటి పాత కారును అమ్మకుండా నడుపుకొనే కుటుంబానికి డబ్బు మిగులుతుందా అన్నది కారు వయసుకంటే అది ఏడాదికి తిరిగే దూరాన్ని బట్టి తేలవలసిన విషయం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన ఆ కారు ఇక కోల్పోవలసిన విలువ దాదాపు ఏమీ లేదు. కొత్త కారుకు పెద్ద ఖర్చు ఇలా విలువ కోల్పోవడమే.

దీనిని తరుగుదల అంటారు, అంటే కాలం గడిచేకొద్దీ, వాడేకొద్దీ వస్తువు ధర పడిపోవడం. బీమా లెక్కలకు వాడే పట్టికలో కారు విలువ తొలి ఆరు నెలల్లోనే 5 శాతం, ఐదో ఏడు నిండేసరికి 50 శాతం తగ్గుతుంది కాబట్టి, 6 లక్షల కారు ఐదేళ్లలో 3 లక్షలు, అంటే ఏడాదికి 60 వేలు పోగొట్టుకుంటుంది. అప్పు చేసి కొంటే వడ్డీ దానికి అదనం. 40 వేలకు కూడా అమ్ముడుపోని బండికి 25 వేలు పెట్టి రిపేరు చేయించడం దండగని చాలామంది అనుకుంటారు గాని, ఆ 25 వేలను పోల్చవలసింది పాత బండి అమ్మకం ధరతో కాదు, కొత్తది కొంటే అదే ఏడాదిలో పోయే సొమ్ముతో.

అయితే దూరం పెరిగితే లెక్క తిరగబడుతుంది. పాత కారు లీటరుకు 14, కొత్తది 20 కిలోమీటర్లు ఇస్తాయనీ, పెట్రోలు లీటరు 100 రూపాయలనీ అనుకుంటే, చింతామణికో చిక్కబళ్లాపురానికో అప్పుడప్పుడు వెళ్తూ ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఇంధనంలో తేడా 8,600 రూపాయలే. రోజూ బెంగళూరుకు వెళ్లివస్తూ 36,000 కిలోమీటర్లు తిరిగేవారికి అది 77 వేలు, అంటే తరుగుదలను మించిన మొత్తం.

ప్రభుత్వ రుసుములు భయపెట్టేంత పెద్దవి కావు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిశాక, బండి నడవడానికి తగినదేనని తనిఖీ చేసి ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. అందుకు కేంద్రం నిర్ణయించిన రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కూ, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కూ పెరిగినా, ఏడాదికి పంచితే 2,000కు మించదు. అసలు చిక్కు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో వస్తుంది. పాత ఇంజన్లలోని రబ్బరు గొట్టాలూ గ్యాస్కెట్లూ, అంటే లోహభాగాల మధ్య కారడాన్ని ఆపే పొరలు, దానిని తట్టుకొనేలా తయారైనవి కావు. మైలేజీ కూడా కొంత పడిపోతుంది.

ప్రాణభద్రతను మాత్రం ఈ లెక్కలో కలపరాదు. డ్రైవరు ముందు గాలిసంచి కొత్త కార్లకు తప్పనిసరి అయినది 2019లోనే, కనుక అంతకుముందు తయారైన చాలా చిన్న కార్లలో అది ఉండదు. పిల్లలను కూర్చోబెట్టుకుని హైవేపై వేగంగా వెళ్లే కుటుంబం పాత బండిపై మిగిలే సొమ్ము కోసం ఈ లోటును భరించడం ఏమాత్రం సమంజసం కాదు.

నెలకు రెండు మూడుసార్లే కారు తీసే ఇల్లు మూడో దారిని కూడా చూడాలి. 1,000 సీసీ లోపు కారు కదలకుండా నిలబడి ఉన్నా ఏటా 2,094 రూపాయల థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే బీమా, తప్పదు. బ్యాటరీ, టైర్లు వాడకపోయినా పాడవుతాయి. అటువంటి ఇంటికి బస్సు ప్రయాణమూ, అవసరమైన రోజున బాడుగ కారూ కలిపినా ఖర్చు తక్కువే కావచ్చు.