ట్రాక్టరు ట్రక్కు వెనుక దీపం: తీగల రక్షణ, చట్టబద్ధమైన వెలుగు

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే మార్గంలో, ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్ల దూరాన చంద్రవంక వాగు దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటును ఎత్తిపోతల అంటారు. జలపాతాన్ని, సాగర్ జలాశయాన్ని చూసి తిరిగి వచ్చే కార్లు, బస్సులు సాయంత్రం వేళ ఈ దారి పడతాయి. అదే వేళకు చుట్టుపక్కల పొలాల నుంచి మిరపకాయల టిక్కీలు, పత్తి బోరేలు, వరిగడ్డి మోసుకుంటూ ట్రాక్టర్లు ఇదే రోడ్డెక్కుతాయి. పల్నాటి రైతులు ట్రక్కు అని పిలిచే ట్రాలీ ఈ రవాణాకు ఆధారం. అది జాతీయ రహదారి 565 మీదికి వచ్చిన క్షణం నుంచి కేవలం వ్యవసాయ పనిముట్టు కాదు, రహదారి వాహనం. దాని వెనుక వెలగవలసిన దీపం మాత్రం చాలా చోట్ల వెలగదు.

బరువు వేసిన ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో, వెనుక నుంచి కారు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయనుకుందాం. రెండింటి మధ్య వేగ భేదం 55 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 15 మీటర్లు. ట్రక్కు వెనుక దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపిస్తే కారు నడిపే వ్యక్తికి పది సెకన్ల వ్యవధి ఉంటుంది. దీపం లేక, దుమ్ము పట్టిన ఇనుప తలుపు 40 మీటర్ల దగ్గర మాత్రమే కంటబడితే మిగిలేది రెండున్నర సెకన్లు. ముందున్నది ఏమిటో గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికే ఆ కాలమంతా సరిపోతుంది. వెనుక దీపాన్ని పోలీసు తనిఖీకి సంబంధించిన విషయంగా కాక, ఈ ఏడున్నర సెకన్ల తేడాగా రైతుకు వివరించాలి.

చట్టం కోరేది ఏమిటి?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మోటారు వాహనం లాగే ట్రాలీ కూడా చట్ట పరిధిలోని వాహనమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 105వ నిబంధన దీపాల గురించి చెబుతుంది. సూర్యాస్తమయమైన అరగంట తరువాత నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు, అలాగే తగినంత వెలుతురు లేని ఏ సమయంలోనైనా, బహిరంగ ప్రదేశంలో నడిచే వాహనానికి దీపాలు వెలుగుతూ ఉండాలి. వెనుక ఎరుపు దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. నంబరు పలకపై పడే తెల్లని కాంతిలో అంకెలు 15 మీటర్ల నుంచి చదవగలిగేలా ఉండాలి. 102వ నిబంధన ఇండికేటర్లకు సంబంధించినది. అవి నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120 సార్లకు మించకుండా మిణకాలి. వెనుక రెండు వైపులా ఎరుపు రిఫ్లెక్టర్లు ఉండాలని 104వ నిబంధన కోరుతుంది.

ట్రాక్టరు మడ్‌గార్డుల మీద ఉన్న దీపాలు చాలవా అన్న ప్రశ్న గ్రామాల్లో తరచు వినిపిస్తుంది. ట్రక్కు తగిలించగానే దాని తలుపు, దానిపై ఉన్న సరుకు ఆ దీపాలను కప్పివేస్తాయి. కాబట్టి జత వాహనానికి చివర ఉన్న ట్రక్కే వెలగాలి. ప్రత్యేక శిక్ష నిర్దేశించని ఉల్లంఘనలకు 177వ సెక్షను కింద, 2019 సవరణ తరువాత, మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 రూపాయల వరకు జరిమానా ఉంది. దీనికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ప్రమాదం జరిగినప్పుడు వెనుక దీపం లేదని తేలితే, పరిహారం నిర్ణయించేటప్పుడు ఆ లోపం ట్రాక్టరు యజమాని నిర్లక్ష్యంగా లెక్కకు వస్తుంది.

దీపం ఎందుకు ఆరుతుంది?

దీపం వెలగకపోతే రైతు మొదట బల్బు మారుస్తాడు. కొత్త బల్బు కొన్నాళ్లు వెలిగి మళ్లీ మసకబారుతుంది. లోపం ఎక్కువగా బల్బులో ఉండదు. ట్రాక్టరు నుంచి బల్బు దాకా, బల్బు నుంచి తిరిగి ట్రాక్టరు దాకా ఉన్న విద్యుత్తు దారిలో ఉంటుంది. అందులోనూ తిరుగు దారి, అంటే ఎర్త్, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతుంది.

చాలా ట్రక్కులకు విడిగా ఎర్త్ తీగ ఉండదు. ఇనుప చట్రం, డ్రాబారు కొక్కెం, పిన్ను గుండానే విద్యుత్తు తిరిగి వెళ్లాలి. ఆ పిన్ను మీద గ్రీజు, మట్టి, తుప్పు పొరలుగా ఉంటాయి. కుదుపు వచ్చినప్పుడల్లా లోహాల స్పర్శ మారుతుంది. అందుకే నడుస్తున్న ట్రక్కు దీపం మిణుకుమిణుకుమంటుంది. బ్రేకు నొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, ఒక దీపం వేస్తే మరొకటి ఆరడం కూడా ఎర్త్ చెడినట్లు తెలిపే లక్షణాలే. తిరిగి వెళ్లే దారి దొరకని విద్యుత్తు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది.

రెండవ కారణం సన్నని తీగ. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవచ్చు. 12 వోల్టుల వ్యవస్థలో 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు 3.5 ఆంపియర్లు, 5 వాట్ల టెయిల్ బల్బులు రెండు, నంబరు పలక బల్బు ఒకటి కలిసి 1.25 ఆంపియర్లు, 21 వాట్ల ఇండికేటరు 1.75 ఆంపియర్లు తీసుకుంటాయి. అన్నీ ఒకేసారి వెలిగితే ఎర్త్ తీగలో 6.5 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక వైపు పొడవు 8 మీటర్లు, తీగ మందం 0.5 చదరపు మిల్లీమీటర్లు అయితే రాగి తీగ నిరోధం 0.28 ఓములు. బ్రేకు తీగలో సుమారు 1 వోల్టు, ఎర్త్ తీగలో 1.8 వోల్టులు పోతాయి. వోల్టేజి తగ్గితే బల్బు తీసుకునే విద్యుత్తు కూడా కొంత తగ్గుతుంది గనుక నికర నష్టం రెండున్నర వోల్టుల దాపున ఉంటుంది. ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజికి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. కాబట్టి బ్రేకు దీపం తన పూర్తి కాంతిలో సగం కూడా ఇవ్వదు.

అదే బ్రేకు తీగను 1.5, ఎర్త్ తీగను 2.5 చదరపు మిల్లీమీటర్లకు పెంచితే మొత్తం నష్టం 0.7 వోల్టు లోపే ఉంటుంది. కాంతి 80 శాతానికి పైగా నిలుస్తుంది. బల్బు మార్చకుండానే వెలుగు దాదాపు రెట్టింపవుతుందన్నమాట.

పల్నాటి పరిస్థితుల్లో తీగకు వచ్చే ముప్పు

రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో రెంటచింతల ఒకటి. ఆ ఎండలో బయట వేలాడే పి.వి.సి. తొడుగు బిరుసెక్కి పగుళ్లు తీస్తుంది. ఖరీఫులో వాగులు, బురద దారులు దాటేటప్పుడు ఆ పగుళ్ల గుండా నీరు చేరి రాగి పోగులకు చిలుము పడుతుంది. బయటికి తీగ బాగున్నట్లే కనిపించినా లోపల పోగులు నల్లబడి పొడిపొడిగా రాలుతాయి.

ఎరువుల రవాణా మరో కారణం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పొటాషియం క్లోరైడ్ లవణమే. బస్తాల నుంచి రాలిన ఎరువు తేమతో కలిస్తే సాకెట్టు పిన్నులను, బల్బు హోల్డరును త్వరగా తినేస్తుంది. ధాన్యం, గడ్డి మోసిన ట్రక్కును కొట్టంలో నిలిపితే ఎలుకలు తీగలు కొరుకుతాయి. చక్రాలు విసిరే రాళ్లు, చట్రం రంధ్రాల పదును అంచులు, హైడ్రాలిక్ ట్రక్కు తొట్టి లేచినప్పుడు పడే లాగుడు కూడా తొడుగును కోస్తాయి. ట్రక్కు తలుపులకు వెల్డింగు చేసేటప్పుడు ప్లగ్గు తీయకపోతే వెల్డింగు విద్యుత్తు దీపాల తీగల గుండా పోయి వాటిని కాల్చే ప్రమాదం ఉంది.

తీగల అమరిక

ట్రక్కుకు ఏడు పోగుల కేబులు, ఏడు పిన్నుల ప్లగ్గు వాడడం మేలు. 12 వోల్టుల వాహనాలకు ఐ.ఎస్.ఓ. 1724 ప్రమాణం పిన్నుల క్రమాన్ని, రంగులను నిర్దేశిస్తుంది. ఒకటవ పిన్ను ఎడమ ఇండికేటరుకు, పసుపు. రెండవది వెనుక మంచు దీపానికి, నీలం. మూడవది ఎర్త్, తెలుపు. నాలుగవది కుడి ఇండికేటరుకు, ఆకుపచ్చ. ఐదవది కుడి టెయిల్ దీపానికి, గోధుమ. ఆరవది బ్రేకు దీపాలకు, ఎరుపు. ఏడవది ఎడమ టెయిల్ దీపానికి, నలుపు.

గ్రామాల్లో ఒకే ట్రక్కును వేర్వేరు ట్రాక్టర్లకు తగిలించడం మామూలే. ఒక్కో మెకానిక్కు ఒక్కో క్రమంలో తీగలు కలిపితే ఒక ట్రాక్టరుతో సరిగా వెలిగిన దీపం మరొకదానితో తప్పుడు సంకేతమిస్తుంది. ఎడమకు తిరిగే బండి కుడి వైపు మిణకడం కన్నా అసలు మిణకకపోవడమే నయం. అందువల్ల కస్టమ్ హైరింగ్ కేంద్రం పరిధిలోని ట్రాక్టర్లు, ట్రక్కులన్నిటికీ ఒకే క్రమం పాటించాలి.

కేబులును చట్రం ఛానెలు లోపలి వైపున, మందపాటి పి.వి.సి. గొట్టంలో నడపాలి. 30 నుంచి 40 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు బిగించాలి. ఇనుప రంధ్రం గుండా పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్టు వేయాలి. డ్రాబారు దగ్గర బండి పూర్తిగా మలుపు తిరిగినా లాగుడు పడనంత వదులు ఉంచాలి. అయితే ఆ వదులు నేలకు గాని, పి.టి.ఓ. షాఫ్టుకు గాని తగలరాదు. ప్లగ్గు తీసినప్పుడు అది మట్టిలో పడకుండా డ్రాబారు మీద ఒక ఖాళీ సాకెట్టు బిగించి అందులో గుచ్చి ఉంచాలి.

తీగలను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒక వానకాలం కూడా ఆగదు. తీగ చివరలకు లగ్గులు వేసి నొక్కి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. పిన్నులకు పలుచగా పెట్రోలియం జెల్లీ రాస్తే చిలుము పట్టదు. ప్రతి దీపం నుంచి ఎర్త్ తీగ చట్రానికి కాక నేరుగా మూడవ పిన్నుకు చేరాలి. ట్రక్కు దీపాలకు ట్రాక్టరు వద్ద విడిగా ఫ్యూజులుండాలి. ఫ్యూజు పోయిన చోట రాగి పోగు చుట్టడం తీగను పొయ్యిలో పెట్టడంతో సమానం.

ఎల్.ఇ.డి. దీపాలు చాలా తక్కువ విద్యుత్తు తీసుకుంటాయి, కుదుపులకు తట్టుకుంటాయి. వాటికి తగిన ఫ్లాషరు లేకపోతే ఇండికేటరు మరీ వేగంగా మిణికి నిబంధనలోని 120 హద్దును దాటవచ్చు. ఎర్త్ చెడితే అవి కూడా వెలగవు.

లోపాన్ని గుర్తించే క్రమం

దీపం వెలగనప్పుడు ముందుగా ట్రాక్టరు ఛాసిస్ నుంచి దీపం హోల్డరు ఎర్త్ చివరకు ఒక పొడవాటి తీగ తాకించాలి. వెంటనే వెలుగు పెరిగితే లోపం ఎర్త్‌లోనే ఉంది. మల్టీమీటరు ఉంటే దీపాలన్నీ వేసి, దీపం ఎర్త్ చివరకు, బ్యాటరీ రుణ ధ్రువానికి మధ్య వోల్టేజి చూడాలి. అది అర వోల్టును మించితే తిరుగు దారిని బాగుచేయాలి. ఎర్త్ బాగున్నా వెలగకపోతే పరీక్ష బల్బుతో ట్రాక్టరు సాకెట్టు, ఆపై ప్లగ్గు, చివరగా హోల్డరు వరుసగా చూడాలి. విద్యుత్తు ఎక్కడి దాకా వచ్చి ఎక్కడ ఆగిందో తెలిస్తే అక్కడే మరమ్మతు చేస్తే చాలు. బల్బుతో మొదలుపెట్టి ఊహ మీద ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం ఖర్చుతో కూడిన పని.

విద్యుత్తు లేకపోయినా కనిపించాలి

ఎంత జాగ్రత్తగా అమర్చిన తీగ అయినా ఒక రాత్రి తెగవచ్చు. అప్పుడు ఆదుకునేవి రిఫ్లెక్టర్లు, రైతులు రేడియం స్టిక్కర్లని పిలిచే పరావర్తన పట్టీలు. వెనుక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రంగులు వాడాలి. ఏఐఎస్-090 ప్రమాణానికి తగిన పట్టీలనే ఎంచుకోవాలి. అలంకారానికి అంటించే సాదా స్టిక్కరు పగలు మెరిసినా రాత్రి హెడ్‌లైటు కాంతిని వచ్చిన దిశకే తిప్పి పంపదు. అంటించే ముందు తుప్పు, నూనె తుడిచి ఆరనివ్వాలి. వారానికొకసారి తడిగుడ్డతో తుడవాలి. మట్టి పూసుకున్న రిఫ్లెక్టరు లేనట్లే.

నెమ్మదిగా నడిచే వాహనాల సమస్య ఒక్క పల్నాటిది కాదు. 1960ల ఆరంభంలో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవసాయ ఇంజనీర్లు ఇందుకోసమే నారింజ రంగు త్రిభుజాన్ని, దాని చుట్టూ ఎరుపు పరావర్తన అంచును రూపొందించారు. పగలు నారింజ రంగు, రాత్రి ఎరుపు అంచు ముందున్నది మెల్లగా కదిలే వాహనమని తెలుపుతాయి. ఆ గుర్తు తరువాత అనేక దేశాల్లో వ్యాపించింది. రోడ్డు భద్రత వ్యవసాయ ఇంజనీరింగు శాస్త్రంలో భాగమేనని ఈ ఉదాహరణ చూపుతుంది.

వరిగడ్డి, పత్తి బోరేలు ట్రక్కు వెనుకకు పొడుచుకు వచ్చి దీపాలను కప్పివేసినప్పుడు దీపాలున్నా ప్రయోజనం లేదు. అటువంటి సరుకుకు దీపాలు, రిఫ్లెక్టర్లు బిగించిన ఒక చెక్క బల్లను పొడవాటి కేబులుతో సరుకు చివర కట్టాలి. చెడిపోయిన బండిని దీపం లేకుండా రోడ్డు మీద నిలపడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఇతరులకు ప్రమాదం కలిగేలా వాహనాన్ని వదిలిపెట్టడాన్ని చట్టంలోని 122వ సెక్షను కూడా నిషేధిస్తుంది.

విస్తరణ సిబ్బంది చేయదగినది

మిరప కోతలు ముమ్మరమయ్యే ముందు, డిసెంబరులో, గ్రామ స్థాయిలో ఒక పూట ట్రక్కుల తనిఖీ ఏర్పాటు చేయవచ్చు. ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఒక మల్టీమీటరు, కొన్ని లగ్గులు, ఎర్త్ తీగ, పరావర్తన పట్టీలు ఉంటే ఆ పని సాగుతుంది. వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులు ప్రతి ట్రక్కు ఎర్త్ వోల్టేజి నష్టాన్ని మరమ్మతుకు ముందు, తరువాత నమోదు చేస్తే అది క్షేత్ర పరిశోధనకు పనికివచ్చే సమాచారమవుతుంది. ఏ ప్రాంతంలో తుప్పు ఎక్కువ, ఏ తరహా సాకెట్టు ఎక్కువ కాలం నిలుస్తుంది అన్న ప్రశ్నలకు అక్కడి నుంచే సమాధానాలు రావాలి.

చీకటి పడ్డాక 155 మీటర్ల దూరం నడిచి వెనక్కి తిరిగి చూడమని రైతుకు చెప్పడం అన్నిటికన్నా సులువైన ప్రదర్శన. ఎర్త్ తీగ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి తన ట్రక్కును తానే ఆ దూరం నుంచి చూసిన రైతుకు జరిమానా గురించి వేరే చెప్పనక్కరలేదు.